పాత కంప్యూటర్, కొత్త విడిభాగం: ఢిల్లీ నుంచి గ్రేటర్ నోయిడా దాకా అప్‌గ్రేడ్ చరిత్ర

కంప్యూటర్ పాతబడిందని అన్నంత మాత్రాన అది చెడిపోయినట్టు కాదు. కొన్ననాడు చేసిన పనిని పదేళ్ల తర్వాత కూడా దాదాపు అదే వేగంతో చేయగలదు. ఈలోగా మారేది దాని మీద పడే బరువు. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కువ మెమరీ అడుగుతుంది, ఫైళ్ల సైజు పెరుగుతుంది, ఒకేసారి తెరిచే ప్రోగ్రాముల సంఖ్య పెరుగుతుంది. అప్పుడు యజమాని ముందు రెండు దారులుంటాయి. కొత్తది కొనడం ఒకటి, ఉన్నదానిలోనే ఒకటి రెండు భాగాలు తీసి వేగమైనవి వేయించడం రెండోది. ఈ రెండో దారి ఎప్పుడు గిట్టుబాటయింది, ఎప్పుడు డబ్బు దండగయింది అన్నదానికి ఢిల్లీ, నోయిడా, గ్రేటర్ నోయిడా ప్రాంతంలో యాభై ఏళ్ల అనుభవం పోగుపడి ఉంది. ఆ చరిత్రంతా ఒకే సంగతి చెబుతుంది. కొత్త భాగం ఎంత వేగమైనదో తర్వాత చూసుకోవచ్చు. యంత్రాన్ని నిజంగా వెనక్కి లాగుతున్న భాగం ఏది, మిగతా యంత్రం ఇంకెన్నాళ్లు పనికొస్తుంది అన్నవి ముందు తేల్చుకోవాలి.

అద్దె యంత్రాల రోజులు

భారతదేశంలో కంప్యూటర్ల తొలి అధ్యాయం చాలావరకు పాత యంత్రాలతోనే నడిచింది. 1959లో మార్కెట్లోకి వచ్చిన 1401 మోడల్ యంత్రాలను ఐబీఎం ఇతర దేశాల్లో వాడకం అయ్యాక బొంబాయిలోని తన కర్మాగారంలో బాగుచేసి, ఇక్కడి కంపెనీలకూ ప్రభుత్వ సంస్థలకూ అద్దెకు ఇచ్చేది. యంత్రం అద్దెది కాబట్టి దాన్ని విప్పే హక్కు వాడకందారుకు లేదు. మెమరీ పెంచాలన్నా, ప్రింటర్ చేర్చాలన్నా కంపెనీ ఇంజనీరు రావలసిందే. విదేశాల్లో కాలం చెల్లిన సరుకును ఇక్కడ అద్దెకు తిప్పుతున్నారన్న విమర్శ అప్పట్లోనే గట్టిగా వినిపించింది.

1973 నాటి విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం ప్రకారం విదేశీ కంపెనీలు తమ వాటాను 40 శాతానికి తగ్గించుకోవలసి వచ్చింది. ఐబీఎం అందుకు ఒప్పుకోక 1978లో దేశం విడిచి వెళ్లింది. అది వదిలివెళ్లిన యంత్రాల బాగోగులు చూసే పని కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ మీద పడింది. 1975లో ఏర్పడిన ఈ ప్రభుత్వ రంగ సంస్థే తర్వాత సీఎంసీగా పేరు పొందింది, సికింద్రాబాద్‌లో పరిశోధన కేంద్రం పెట్టింది. పాత యంత్రాన్ని బతికించడం ఒక జాతీయ సంస్థకు ఉద్యోగ ధర్మం అయిన కాలం అది. కొత్త కంప్యూటర్ దిగుమతికి అనుమతులు దొరకడం కష్టం, దాని ఖరీదు లక్షల్లో ఉండేది. ఇంజనీరు జీతం ఆ లెక్కలో చాలా చిన్నది. అటువంటి చోట మరమ్మతుకు పెట్టిన ప్రతి రూపాయీ గిట్టుబాటే.

ఐబీఎం వదిలిన ఖాళీని పూరించడానికి స్వదేశీ తయారీదార్లు కూడా ముందుకొచ్చారు. హైదరాబాద్‌లో 1967లో మొదలైన ఈసీఐఎల్ అప్పటికే టీడీసీ శ్రేణి కంప్యూటర్లు తయారు చేస్తోంది. ఉత్తరాదిన 1976లో శివ నాడార్, అర్జున్ మల్హోత్రా, అజయ్ చౌధరి తదితరులు కలిసి హెచ్‌సీఎల్ స్థాపించారు. అందులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వ సంస్థ 26 శాతం వాటా తీసుకుంది. అదే ఏడాది ఏప్రిల్ 17న నోయిడా పారిశ్రామిక ప్రాంతం పుట్టింది, హెచ్‌సీఎల్ అక్కడ వేళ్లూనుకుంది. 1978లో ఆ కంపెనీ 8సీ అనే తొలి మైక్రో కంప్యూటర్‌ను తెచ్చింది. అయితే ఈ తరం యంత్రాల్లో ఒక కంపెనీ బోర్డు మరో కంపెనీ పెట్టెలో పట్టదు. విడిభాగం కావాలంటే తయారుచేసిన కంపెనీ దగ్గరికే వెళ్లాలి. బజారులో భాగం కొని బిగించుకునే అవకాశం ఇంకా రాలేదు.

నెహ్రూ ప్లేస్: విడిభాగాల బజారు

ఆ అవకాశాన్ని తెచ్చింది 1981 ఆగస్టులో విడుదలైన ఐబీఎం పీసీ. దాని మదర్‌బోర్డు మీద కార్డులు గుచ్చుకునే స్లాట్లు ఉండేవి. వాటి కొలతలు, సంకేతాలు అందరికీ తెలిసినవి కావడంతో తైవాన్ మొదలుకొని ఎన్నో దేశాల్లో దానికి సరిపడే భాగాలు తయారయ్యాయి. మన దేశంలో 1984 నవంబరులో రాజీవ్ గాంధీ ప్రభుత్వం ప్రకటించిన కొత్త కంప్యూటర్ విధానం దిగుమతుల్ని సడలించింది. దక్షిణ ఢిల్లీలో ఢిల్లీ అభివృద్ధి సంస్థ (డీడీఏ) కట్టిన నెహ్రూ ప్లేస్ సముదాయం క్రమంగా ఈ వ్యాపారానికి కేంద్రమైంది. క్యాబినెట్ ఒక దుకాణంలో, మదర్‌బోర్డు ఇంకో దుకాణంలో, హార్డ్ డిస్క్ మూడో అంతస్తులో కొని, ఎదురుగా కూర్చుని బిగింపించుకునే అసెంబుల్డ్ పీసీ సంస్కృతి అక్కడ పెరిగింది. తెలుగువారికి సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఎలాగో, ఉత్తర భారతానికి నెహ్రూ ప్లేస్ అలాగ.

అసెంబుల్డ్ యంత్రంతో పాటే అప్‌గ్రేడ్ కూడా మామూలు మనిషికి అందింది. తొలి రోజుల్లో మెమరీ పెంచడమంటే చిన్న చిన్న చిప్పులను ఒక్కొక్కటిగా మదర్‌బోర్డు మీది సాకెట్లలో నొక్కడమే. ఒక కాలు వంగినా యంత్రం లేవదు. లెక్కల కోసం ప్రత్యేకంగా పెట్టే 8087 కోప్రాసెసర్ మరో అప్‌గ్రేడ్. భవనాల ప్లాన్లు గీసే ఇంజనీర్లకూ, దశాంశాల లెక్కలు వేసేవారికీ అది పనిని ఎన్నో రెట్లు వేగం చేసింది. ఉత్తరాలు టైపు చేసే గుమాస్తాకు దానివల్ల పైసా లాభం లేదు, ఎందుకంటే అతని ప్రోగ్రాం ఆ చిప్పును పలకరించదు. పని ఏదో తెలియకుండా భాగం కొంటే ఏమవుతుందో అప్‌గ్రేడ్ వ్యాపారం మొదటి పదేళ్లలోనే చూపించింది.

ఓవర్‌డ్రైవ్ నేర్పిన పాఠం

పాత యంత్రానికి వేగమైన ప్రాసెసర్ అన్న ఆలోచనను పెద్ద ఎత్తున అమ్మకానికి పెట్టింది ఇంటెల్. 1992లో ఓవర్‌డ్రైవ్ పేరుతో 486 యంత్రాల కోసం చిప్పులు తెచ్చింది. పాత ప్రాసెసర్ ఉన్నచోట, లేదా దాని పక్కనే ఖాళీగా వదిలిన సాకెట్‌లో, ఈ చిప్పును పెడితే సరిపోతుంది. 25 మెగాహెర్ట్జ్ బోర్డు మీద అది లోపల 50 మెగాహెర్ట్జ్‌తో, 33 బోర్డు మీద 66తో నడుస్తుంది. 1995లో ఇంకో అడుగు వేసి పెంటియం ఓవర్‌డ్రైవ్ వచ్చింది. 486 బోర్డుకే పెంటియం పెట్టుకోవచ్చునన్నది దాని ఆకర్షణ.

చిప్పు వేగం రెట్టింపయినా యంత్రం వేగం రెట్టింపు కాలేదు. కారణం బోర్డులోనే ఉంది. ప్రాసెసర్ లోపల 66 మెగాహెర్ట్జ్‌తో పరుగెత్తినా, బయటున్న మెమరీతో మాట్లాడే దారి 33 దగ్గరే ఉండిపోయింది. హార్డ్ డిస్క్ అదే పాతది. గ్రాఫిక్స్ కార్డు కూర్చున్న ఐఎస్ఏ స్లాటు 1984 నాటి రూపకల్పన. కావలసిన సమాచారం చిప్పులోపలి 8 కేబీ క్యాష్ మెమరీలో దొరికినంతసేపే కొత్త ప్రాసెసర్ తన సత్తా చూపేది. అది దాటితే మళ్లీ పాత దారిలో నిరీక్షణే.

ఈ పరిమితిని జీన్ ఆమ్డాల్ అనే కంప్యూటర్ రూపకర్త 1967లోనే సూత్రీకరించాడు. ఒక పనికి 10 నిమిషాలు పడుతోందని, అందులో 4 నిమిషాలు ప్రాసెసర్ లెక్కలకు, 6 నిమిషాలు డిస్క్ కోసం ఎదురుచూపుకు పోతున్నాయని అనుకుందాం. ప్రాసెసర్ వేగం రెట్టింపు చేస్తే 4 కాస్తా 2 అవుతుంది, మొత్తం 8 నిమిషాలు. ప్రపంచంలోకెల్లా వేగమైన ప్రాసెసర్ పెట్టినా 6 నిమిషాల లోపు ఆ పని పూర్తికాదు. అదే ప్రాసెసర్ జోలికి పోకుండా డిస్క్‌ను పది రెట్లు వేగం చేస్తే మొత్తం 4.6 నిమిషాలకు దిగుతుంది. పాత కంప్యూటర్‌కు ఏ భాగం కొనాలన్న ప్రశ్న వచ్చిన ప్రతిసారీ ఈ చిన్న లెక్క వేసుకోవడం లాభదాయకం.

ప్రాసెసర్ అప్‌గ్రేడ్ ఎప్పుడూ వ్యర్థమేనని దీని అర్థం కాదు. అమెరికాలోని సాండియా జాతీయ ప్రయోగశాలలో ఆస్కి రెడ్ అనే సూపర్ కంప్యూటర్ సెకనుకు లక్ష కోట్ల గణనల (ఒక టెరాఫ్లాప్) గీత దాటిన తొలి యంత్రం. 1997 నుంచి ప్రపంచ జాబితాలో మొదటి స్థానంలో ఉన్న ఆ యంత్రంలో 1999లో 200 మెగాహెర్ట్జ్ పెంటియం ప్రో చిప్పులు తీసి 333 మెగాహెర్ట్జ్ పెంటియం 2 ఓవర్‌డ్రైవ్‌లు పెట్టారు. వేలాది ప్రాసెసర్లున్న ఆ యంత్రం కొలిచిన వేగం 1.3 నుంచి దాదాపు 2.4 టెరాఫ్లాప్‌లకు చేరి, 2000 సంవత్సరం మధ్య వరకూ మొదటి స్థానం నిలబెట్టుకుంది. అక్కడ పని అంతా లెక్కలే, ఆపుతున్న భాగం నిజంగా ప్రాసెసరే. అందుకే ఆ ఖర్చు ఫలించింది. ఇంట్లో, ఆఫీసులో వాడే యంత్రానికి ఆ పరిస్థితి అరుదు.

గ్రేటర్ నోయిడా, మెమరీ కరువు

నోయిడాకు ఆగ్నేయంగా ఉన్న పల్లెల భూముల మీద 1991 జనవరిలో గ్రేటర్ నోయిడా పారిశ్రామిక అభివృద్ధి ప్రాధికార సంస్థ ఏర్పడింది. 1997లో ఘాజియాబాద్, బులంద్‌షహర్ జిల్లాల నుంచి కొంత భాగం విడదీసి గౌతమ్ బుద్ధ నగర్ జిల్లా చేశారు. సూరజ్‌పూర్, కాస్నా దారిలో ఎల్‌జీ పెద్ద ఎలక్ట్రానిక్స్ కర్మాగారం పెట్టింది. నాలెడ్జ్ పార్క్ పేరుతో కేటాయించిన స్థలాల్లో ఇంజనీరింగ్, మేనేజ్‌మెంట్ కళాశాలలు వరుసగా వచ్చాయి. కళాశాలలంటే కంప్యూటర్ ల్యాబులు, హాస్టళ్లు, వాటితో పాటు విద్యార్థులు కొనుక్కునే అసెంబుల్డ్ యంత్రాలు. ఊరు పుట్టిన కాలమూ, ఇంటింటికీ పీసీ వచ్చిన కాలమూ ఇక్కడ ఒకటే అయ్యాయి.

ఆ దశాబ్దంలో యంత్రాన్ని ఎక్కువగా వెనక్కి లాగింది మెమరీ కొరత. విండోస్ 95 కనీసం 4 ఎంబీ ర్యామ్ అడిగింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి కనీసం 64 ఎంబీ, సాఫీగా నడవాలంటే 128 కావాలి. 2007 నాటి విస్టాకు 512 ఎంబీ కూడా చాలీచాలనిదే. 2021లో విండోస్ 11 వచ్చేనాటికి కనీస అవసరం 4 జీబీకి చేరింది. అంటే 26 ఏళ్లలో వెయ్యి రెట్లు. ర్యామ్ నిండిపోతే కంప్యూటర్ ఆగిపోదు. ప్రస్తుతానికి అవసరం లేని సమాచారాన్ని హార్డ్ డిస్క్ మీదికి తోసి, కావలసినప్పుడు వెనక్కి తెచ్చుకుంటుంది. డిస్క్ ర్యామ్ కంటే వేల రెట్లు నెమ్మది కాబట్టి, ఈ రాకపోకలు మొదలైన క్షణం నుంచి యంత్రం హ్యాంగ్ అయినట్టే ఉంటుంది. పెట్టె ముందున్న ఎర్ర దీపం ఆగకుండా వెలుగుతూ ఉండటం దానికి గుర్తు. ఈ స్థితిలో ర్యామ్ రెట్టింపు చేస్తే ఫలితం వెంటనే కనిపించేది. సరిపడా ర్యామ్ ఉన్న యంత్రానికి మరింత చేరిస్తే మాత్రం తేడా ఏమీ ఉండేది కాదు.

ర్యామ్ ధర అయితే కొనేవాడి చేతిలో ఉండదు. 1993లో జపాన్‌లోని నీహామాలో చిప్పులకు వాడే రెసిన్ తయారుచేసే కర్మాగారం పేలినప్పుడూ, 1999 సెప్టెంబరులో తైవాన్ భూకంపం వచ్చినప్పుడూ ప్రపంచమంతటా మెమరీ ధరలు ఎగిరాయి. 2011లో థాయ్‌లాండ్ వరదలు హార్డ్ డిస్క్ ధరలను అలాగే పెంచాయి. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ మళ్లీ ఖరీదైంది. అప్‌గ్రేడ్ మంచిదా కాదా అన్న తీర్పు ఏ నెలలో కొంటున్నామన్న దాన్ని బట్టి కూడా మారుతుంది.

బోర్డు గీసిన గీతలు

విడిభాగం ఎంత మంచిదైనా మదర్‌బోర్డు ఒప్పుకుంటేనే పని చేస్తుంది. ర్యామ్ తరం మారినప్పుడల్లా దాని అంచున ఉండే గాటు స్థానం మారింది. డీడీఆర్2 స్లాటులో డీడీఆర్3 కూర్చోదు, డీడీఆర్3 చోట డీడీఆర్4 పట్టదు. గ్రాఫిక్స్ కార్డులు 1990ల్లో పీసీఐ నుంచి ఏజీపీకి, 2004 తర్వాత పీసీఐ ఎక్స్‌ప్రెస్‌కు మారాయి. యంత్రాన్ని మేల్కొలిపే పాత బయోస్ ప్రోగ్రాములు మొదట 504 ఎంబీ, ఆ తర్వాత 8.4 జీబీ, ఇంకొన్నాళ్లకు 137 జీబీ దాటిన డిస్కులను పూర్తిగా గుర్తించలేకపోయాయి. 32 బిట్ విండోస్ మామూలుగా 4 జీబీకి మించి ర్యామ్ వాడుకోలేదు. అందుకే ఒక భాగం మార్చబోతే మూడు భాగాలు మార్చవలసి వచ్చేది. కొత్త ప్రాసెసర్‌కు కొత్త బోర్డు, కొత్త బోర్డుకు కొత్త ర్యామ్, వాటి కరెంటు అవసరానికి కొత్త ఎస్ఎంపీఎస్. అంతా కలిపాక మిగిలిన పాత వస్తువు క్యాబినెట్ ఒక్కటే. ఇలాంటి గొలుసు మొదలైతే అది అప్‌గ్రేడ్ పేరుతో కొత్త కంప్యూటర్ కొనడమే.

ఢిల్లీ పరిసరాల వాతావరణం దీనికి మరో సమస్యను చేర్చింది. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే వేడి, ఏడాది పొడవునా దుమ్ము, వోల్టేజి హెచ్చుతగ్గులు యంత్రాన్ని త్వరగా అరగదీస్తాయి. ప్రాసెసర్‌కూ దాని ఫ్యాన్ కింది హీట్‌సింక్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్టు ఎండిపోతే చిప్పు వేడెక్కుతుంది. వేడెక్కిన చిప్పు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. 2000 ప్రాంతంలో తయారైన ఎన్నో బోర్డుల్లో నాసిరకం కెపాసిటర్లు ఉబ్బి పగిలాయి. అందువల్ల అనుభవమున్న మెకానిక్ యంత్రం స్లో అయిందనగానే కొత్త భాగం చెప్పడు. పెట్టె విప్పి బ్లోయర్‌తో దుమ్ము ఊదుతాడు, ర్యామ్ తీసి దాని బంగారు రంగు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ క్లిప్పులు పడేదాకా నొక్కుతాడు, పేస్టు మారుస్తాడు, కెపాసిటర్ల తలలు చూస్తాడు. చాలాసార్లు ఈ చిన్న పనితోనే యంత్రం కోలుకుంటుంది. కెపాసిటర్లు ఉబ్బిన బోర్డుకైతే ఎంత మంచి ర్యామ్ పెట్టినా అది నిలవదు.

డిస్క్ పోయి ఎస్ఎస్‌డీ వచ్చింది

సమాచారాన్ని దాచే మాధ్యమాల చరిత్రలో గ్రేటర్ నోయిడాకు సొంత పుట ఒకటి ఉంది. దీపక్ పురి 1983లో ఢిల్లీలో స్థాపించిన మోజర్ బేర్ ఇండియా 1988లో ఫ్లాపీల తయారీలోకి దిగింది, 1990ల చివర్లో సీడీలకు, ఆ తర్వాత డీవీడీలకు మారింది. నోయిడా, గ్రేటర్ నోయిడా కర్మాగారాల నుంచి ఖాళీ డిస్కులను ఎన్నో దేశాలకు ఎగుమతి చేస్తూ ప్రపంచంలోని పెద్ద తయారీదార్లలో ఒకటిగా నిలిచింది. పెన్‌డ్రైవ్‌లు, ఇంటర్నెట్ వ్యాపించాక ఆ గిరాకీ పడిపోయింది. 2018లో కంపెనీ లిక్విడేషన్‌కు వెళ్లింది. డిస్కులతో పాటు వాటిని చదివే డ్రైవ్‌లకూ పని లేకుండా పోయింది. పాత ల్యాప్‌టాప్‌లో డీవీడీ డ్రైవ్ ఉన్న ఖాళీలో క్యాడీ అనే చట్రం పెట్టి రెండో డిస్క్ బిగించడం ఆ తర్వాత మామూలు పనయింది.

ఆ ల్యాప్‌టాప్‌లు ఈ ప్రాంతంలోకి ఎలా వచ్చాయన్నదానికి ఒక పెద్ద సందర్భం ఉంది. ఉత్తరప్రదేశ్‌లో అఖిలేశ్ యాదవ్ ప్రభుత్వం 2013 మార్చి నుంచి పన్నెండో తరగతి పాసైన విద్యార్థులకు ఉచితంగా హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లు పంచింది. మొత్తం సంఖ్య సుమారు 15 లక్షలు. ఎన్నో ఇళ్లలో అదే మొదటి కంప్యూటర్. ఒక్కోదానికి సుమారు 19 వేల రూపాయలు పడిన ఆ యంత్రాల్లో ఉన్నది తిరిగే హార్డ్ డిస్కే. ఆ ధరకు అప్పట్లో చిప్పుల్లోనే సమాచారం దాచే ఎస్ఎస్‌డీ అన్న మాటే లేదు. అలాంటి యంత్రాలు నాలుగైదేళ్లకే మందగించాయి. సరిగ్గా అప్పటికి ఎస్ఎస్‌డీ ధర సామాన్యుడికి అందేంత దిగింది.

హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరుగుతుంది, దాని మీద చదివే తల అటూ ఇటూ కదులుతుంది. ల్యాప్‌టాప్ డిస్క్ నిమిషానికి 5400 సార్లు తిరిగితే ఒక చుట్టుకు 11 మిల్లీ సెకన్లు. కావలసిన చోటు తల కిందికి రావడానికి సగటున అందులో సగం, తల జరగడానికి మరో పదీ పన్నెండు. అంటే అక్కడక్కడా చెదిరి ఉన్న చిన్న ఫైళ్లను సెకనుకు అరవై, డెబ్భైకి మించి అందుకోలేదు. విండోస్ లేవాలంటే అలాంటివి వేల సంఖ్యలో కావాలి. ఎస్ఎస్‌డీలో తిరిగేది, కదిలేది ఏదీ లేదు. ఒక్కో ఫైలును మిల్లీ సెకనులో పదో వంతులో అందిస్తుంది. 2008లో ఇంటెల్ ఎక్స్25-ఎమ్ వంటివి వచ్చినప్పుడు ఇవి ఖరీదైన సరుకు. పదేళ్లలో పాత ల్యాప్‌టాప్‌కు వేయించే మొదటి భాగం అయ్యాయి. పాత యంత్రంలో డిస్క్‌ను బోర్డుతో కలిపే సాటా దారి సెకనుకు 300 ఎంబీ మాత్రమే మోయగలిగినా లాభం పెద్దగా తగ్గలేదు, ఎందుకంటే అసలు నష్టం చిన్న ఫైళ్ల కోసం నిరీక్షణలో ఉంది. ప్రాసెసర్ అప్‌గ్రేడ్ ఇవ్వలేనిదాన్ని ఎస్ఎస్‌డీ ఇచ్చింది. ఆమ్డాల్ లెక్కలో పెద్ద అంకె ఉన్న చోటే అది దెబ్బ కొట్టింది.

ఈ పని గ్రేటర్ నోయిడాలో జగత్ ఫార్మ్, ఆల్ఫా కమర్షియల్ బెల్ట్ వంటి బజార్ల దుకాణాల్లో గంటలో అయిపోయేది. ముందు పాత డిస్క్‌లోని సరుకంతా యూఎస్‌బీ కేబుల్ ద్వారా కొత్తదానిలోకి క్లోన్ చేస్తారు, లేదా విండోస్ కొత్తగా వేస్తారు. బ్యాటరీ తీసి, వెనక మూత మరలు విప్పి, డిస్క్ ఉన్న ట్రేను పక్కకు లాగుతారు. పాత డిస్క్ మందం 9.5 మిల్లీమీటర్లు, ఎస్ఎస్‌డీది 7. వదులుగా ఊగకుండా మధ్యలో సన్నని ప్లాస్టిక్ చట్రం పెడతారు. బయోస్‌లో సాటా మోడ్ ఏహెచ్‌సీఐలో ఉందో లేదో చూస్తారు. రెండు మూడు నిమిషాలు పట్టే బూటింగ్ అర నిమిషంలోకి దిగుతుంది. తీసిన పాత డిస్క్‌ను చాలామంది బయటి డిస్క్‌గా వాడుకున్నారు. అంతకుముందు ఇలాంటి పనికి ఢిల్లీ వెళ్లి రావలసిందే. నెహ్రూ ప్లేస్‌కు 2010లో మెట్రో వచ్చింది, గ్రేటర్ నోయిడాకు ఆక్వా లైన్ 2019 జనవరిలో వచ్చింది. దారి సులువయ్యేనాటికి పని ఊళ్లోనే దొరకసాగింది. పెద్ద కంపెనీలు నాలుగైదేళ్లు వాడి వదిలిన వ్యాపార శ్రేణి ల్యాప్‌టాప్‌లకు ర్యామ్, ఎస్ఎస్‌డీ చేర్చి అమ్మే సెకండ్ హ్యాండ్ వ్యాపారం కూడా ఈ ఒక్క మార్పు మీదే నిలబడింది.

సాఫ్ట్‌వేర్ మూసిన తలుపు

ఎస్ఎస్‌డీ తర్వాత వేగం సమస్య చాలావరకు తీరింది. అప్పుడు కొత్త అడ్డంకి ఎదురైంది. 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11 భద్రత పేరుతో టీపీఎం 2.0 అనే చిప్పును, ఇంటెల్ ఎనిమిదో తరం లేదా దానికి సమానమైన ప్రాసెసర్‌ను తప్పనిసరి చేసింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. వ్యక్తిగత వాడకందార్లకు పొడిగించిన భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు వరకే. దాంతో 2015లో కొని, 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ వేయించుకున్న యంత్రం కూడా వేగంగా నడుస్తూనే అధికారిక అర్హత కోల్పోయింది. ఏ విడిభాగమూ దాటించలేని గీత ఇది. విండోస్‌లోనే ఉండి తీరవలసిన ఆఫీసులకు, బ్యాంకు పనులు చేసేవారికి అలాంటి యంత్రం మీద ఇక డబ్బు పెట్టడం నష్టం.

ఉచితంగా దొరికే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారగలిగినవారి లెక్క వేరు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్ భారతీయ భాషలతో వస్తుంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తయారు చేసి, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను విద్యార్థుల్లోకి తీసుకెళ్లింది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు చాలా ఏళ్లుగా లినక్స్ మీదే నడుస్తున్నాయి. బ్రౌజర్, వీడియో పాఠాలు, ప్రోగ్రామింగ్ సాధన వంటి పనులకు 4 జీబీ నుంచి 8 జీబీకి పెంచిన ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్న పదేళ్ల నాటి యంత్రం లినక్స్‌తో ఇంకా కొన్నేళ్లు సేవ చేస్తుంది. కళాశాల ల్యాబుల్లో పాత యంత్రాల గుట్టకు ఇది గౌరవప్రదమైన ఉపయోగం.

తీసేసిన భాగాల గమ్యం

అప్‌గ్రేడ్ లెక్కలో రూపాయలతో పాటు మరొకటి కూడా చేర్చాలి. ఢిల్లీ చుట్టుపక్కల పారేసిన కంప్యూటర్లలో ఎన్నో ఈశాన్య ఢిల్లీలోని సీలంపూర్‌కు చేరాయి. అక్కడ చిన్న గదుల్లో బోర్డులను చేత్తో విడదీస్తారు. పనిచేసే చిప్పులు మళ్లీ బజారుకు వెళ్తాయి. రాగి కోసం వైర్లు కాల్చడం, లోహాల కోసం బోర్డులను ఆమ్లాల్లో ముంచడం వంటి పనులు ఢిల్లీ శివార్లలోనూ, మొరాదాబాద్‌లోనూ సాగాయి. సీసం పొగ పీల్చేది అక్కడి కార్మికులు, వారి పిల్లలు. దేశంలో తొలి ఈ-వ్యర్థాల నియమాలు 2012 మే 1 నుంచి అమల్లోకి వచ్చాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన కొత్త నియమాలు తయారీదార్ల మీద సేకరణ లక్ష్యాలు పెట్టడమే కాక, యంత్రాలను బాగుచేసి మళ్లీ వాడకంలోకి తెచ్చేవారికీ నమోదును, గుర్తింపును ఇచ్చాయి. ప్రపంచం 2022లో పోగుచేసిన ఈ-వ్యర్థాలు 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైనది 22.3 శాతమే.

పర్యావరణ నష్టంలో పెద్ద భాగం పారేసేనాడు కాక తయారయ్యేనాడే జరుగుతుంది. మానిటర్‌తో సహా ఒక డెస్క్‌టాప్ తయారీకి సుమారు 240 కిలోల శిలాజ ఇంధనం, 22 కిలోల రసాయనాలు, 1500 కిలోల నీరు ఖర్చవుతాయని ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయ పరిశోధన 2004లో లెక్క తేల్చింది. ఈనాటి ల్యాప్‌టాప్ తేలికైనా, దాని జీవితకాలపు కర్బన భారంలో సింహభాగం ఇప్పటికీ తయారీదే. అరచేతిలో పట్టే ఎస్ఎస్‌డీతో ఒక యంత్రం మరో నాలుగేళ్లు నడిస్తే కొత్త యంత్రపు తయారీ అన్నాళ్లు వాయిదా పడుతుంది. ఆ లాభం కొనేవాడి జేబుకు కనబడదు కానీ సీలంపూర్ గాలికి కనబడుతుంది.

లెక్క ఎక్కడ తేలుతుంది

యాభై ఏళ్ల అనుభవం నుంచి ఒక క్రమం తేలుతుంది. మొదట దుమ్ము, వేడి, చెడిపోయిన కెపాసిటర్లు చూడాలి. తర్వాత ర్యామ్ నిండుతోందో లేదో చూసి, నిండుతుంటేనే పెంచాలి. యంత్రంలో తిరిగే డిస్క్ ఉంటే దాన్ని ఎస్ఎస్‌డీగా మార్చడం నేటికీ మేలైన ఖర్చు. ప్రాసెసర్ మార్పు అదే సాకెట్‌కు చవకగా దొరికితే, పని నిజంగా లెక్కలతో కూడినదైతేనే ఆలోచించదగ్గది. బోర్డు, ర్యామ్, ఎస్ఎంపీఎస్ మూడూ మార్చవలసి వస్తే, లేదా వాడి తీరవలసిన సాఫ్ట్‌వేర్ ఆ యంత్రాన్ని వదిలేస్తే, అక్కడితో ఆపడం మంచిది.

ఈ క్రమం పెట్టె విప్పగలిగినంత కాలమే చెల్లుతుంది. 2012 తర్వాత సన్నని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే సోల్డర్ చేయడం పెరిగింది. కొన్నిటిలో డిస్క్ కూడా అంతే. అలాంటి యంత్రం పాతబడ్డాక జగత్ ఫార్మ్ మెకానిక్ చేయగలిగింది శుభ్రం చేయడమే. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభించడానికి నేపథ్యం ఇలా మరమ్మతుకు లొంగని వస్తువులు పెరగడమే. అందువల్ల ఒకప్పుడు ఐదో ఏట వేసుకునే అప్‌గ్రేడ్ లెక్కను ఇప్పుడు కొనే రోజునే వేసుకోవలసి వస్తోంది. ర్యామ్ స్లాటు ఖాళీగా ఉందా, ఎస్ఎస్‌డీ విప్పి మార్చుకునేదా, వెనక మూతకు మామూలు మరలే ఉన్నాయా అని దుకాణంలో అడిగి తెలుసుకున్నవారి యంత్రాలకే అయిదారేళ్ల తర్వాత రెండో జీవితం దొరుకుతుంది.